మా చావిడి ముందు పడిన మస్తాన్‌బీ వాళ్ళ పంపు

మన గ్రూపులో అందరూ ఎలా ఉన్నారు... మొన్న కాలు జారి పడిన వదినగారికి కట్టు విప్పారా? కళ్ళ ఆపరేషన్ అయిన అన్నయ్యగారూ, నయమైంది కదా అని చుక్కల మందు మానకండి. జ్వరంతో ఉన్న బాబు ఫొటో పెట్టిన అమ్మాయి నాలుగు రోజులుగా పలకడం లేదు... ఒక్క మాట రాయమ్మా, నా మనసు మనసులో లేదు. నాకు బీపీ ఉంది. అది ఎప్పుడూ ఉండేదే.

నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. తప్పులు మా మనవరాలు దిద్దుతోంది. ఇది చెప్పాలా వద్దా అని వారం నుంచి నలుగుతున్నాను...

మా చిన్నప్పుడు... ఎనభైల మొదట్లో... మాచర్ల వైపు మా ఊళ్ళో ఎండాకాలం వస్తే నీళ్ళకు కటకటే. మా బావి నీళ్ళు ఉప్పన. వాగవతల దూదేకుల వాడకు ఆ బావి కూడా లేదు. ఎండిన వాగులో చెలమ తవ్వి, ఇసుకలో ఊరిన నీళ్ళను కొబ్బరి చిప్పతో తోడుకునేవారు. ఒక్క బిందె నిండేసరికి బారెడు పొద్దెక్కేది.

ఆ వాడలోని మస్తాన్‌బీ నా జట్టు. ఇద్దరం ఐదో తరగతి. అది పందొమ్మిదో ఎక్కం ఊపిరి తిప్పుకోకుండా చెప్పేది. నేను ఏడో ఎక్కం దగ్గరే తడబడేదాన్ని...

ఆ ఏడు బీదవాళ్ళ వాడల్లో చేతిపంపులు వేయించడానికి సర్కారు గ్రాంటు వచ్చింది. మా ఊరికి ఒకటి. కాగితంలో దూదేకుల వాడ పేరే ఉంది. పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, చోటు చూసి రాయి పాతిస్తాడు. రాయి ఎక్కడ పాతితే బోరు అక్కడే.

మా నాన్న పంచాయతీ మెంబరు. ఆ రోజు పొద్దున్నే నన్ను పిలిచాడు.

“అమ్మాయ్, వాగవతలికి పోయి ఆడోళ్ళందర్నీ బిందెలతో మన గొడ్ల చావిడి కాడికి రమ్మను. జీపు ఇసకలో దిగబడుద్దంట, ఇవతలే నిలబడితే ఆఫీసరు చూసి మీ వాడకి పంపు రాస్తాడంట అని చెప్పు.”

నేను బయలుదేరబోతే మళ్ళీ పిలిచి, “ఆయన నిన్నేమన్నా అడిగితే, దూదేకుల వాడ ఇదేనని చెప్పు. తెలిసిందా?” అన్నాడు.

“పసిదాని చేత అదేం పనయ్యా...” అంది అమ్మ.

“అయితే ఆ ఉప్పునీళ్ళే తాగు!”

అమ్మ బిందె ఎత్తుకుని బావికి పోయింది. రోజూ నడుం పట్టుకుని నీళ్ళు మోసేది తనే కదా...

నేను వెళ్ళి పిలిచాను. అందరూ వచ్చారు... చింతపండుతో తోమిన బిందెలు, ఉతికిన చీరలు, పెళ్ళికి వచ్చినట్టు. మస్తాన్‌బీ వాళ్ళమ్మను నేను పిన్నీ అనేదాన్ని. ఆమె నా గడ్డం పట్టుకుంది. “నా తల్లే, ఎండన పడి మా కోసం వచ్చావా! పంపు పడ్డనాడు మొదటి బిందె నీకే కొట్టిస్తా.”

వెనక నుంచి ఎవరో, “అత్తా, బిందె బోర్లించి పట్టుకోయే! నిండుందనుకుని ఆఫీసరు ఎనక్కి పోతాడు!” అంటే అందరూ ఒకటే నవ్వు.

జీపు వచ్చింది. నాన్న ఆడవాళ్ళను చావిడి ముందు వరసగా నిలబెట్టి, మీరేం మాట్లాడొద్దు, అంతా నేను చెబుతాను అన్నాడు. ఆఫీసరు దూరంగా జీపు దగ్గరే నిలబడి నన్ను పిలిచాడు.

“ఏమ్మా, దూదేకుల వాడ ఇదేనా?”

“ఇదేనండీ.”

“నువ్వు ఈ వాడ పిల్లవేనా?”

ఇది నాన్న నేర్పలేదు. అయినా “అవునండీ” అన్నాను... నాకు పదకొండేళ్ళు. తెలియక చేశానని ఎలా అనను?

నాన్న ఆడవాళ్ళను పంపేశాక, ఆయన చావిడి ముందే రాయి పాతించాడు.

బోరు లారీ వచ్చిన రోజు పిన్ని వాళ్ళు వాగు దగ్గర ఎదురుచూస్తూ నిలబడ్డారట. లారీ మా చావిడి దగ్గరే ఆగిపోయింది. వచ్చి అడిగితే, “జల ఇక్కడే ఉందని ఆఫీసరు రాశాడు, నా చేతిలో ఏముంది?” అన్నాడు నాన్న.

ఆ తరువాత వాళ్ళు నీళ్ళకు మా పంపు దగ్గరికే వచ్చేవారు. మా వీధి వాళ్ళ బిందెలన్నీ నిండాకే వాళ్ళ వంతు. పిన్ని మిరపచేలకు కూలికి పోయేది కాబట్టి మస్తాన్‌బీ బిందె దగ్గర కాపలా కూర్చునేది. దాని వంతు వచ్చేసరికి బడి గంట కొట్టేసేవారు. దసరా సెలవుల తరువాత అది ఇక బడికి రాలేదు.

నేను సంచీ తగిలించుకుని పోతుంటే, “ఏమే నాగేంద్రం, నిన్న లెక్కల్లో ఏం చెప్పారే?” అని అడిగేది. రెండు మూడు రోజులు చెప్పాను. ఆ తరువాత దాని మొహం చూడలేక, దొడ్డిదారిన పోవడం మొదలుపెట్టాను...

మస్తాన్‌బీ మాచర్లలో మిషను కుట్టుకుంటోందని తెలిసి, పోయిన వారం మనవరాలు నంబరు సంపాదించి ఫోను కలిపింది. గొంతు ఏమీ మారలేదు.

“మస్తానూ, ఆ పంపు సంగతి...” అన్నాను.

“ఇంకా అదేందే! చిన్నదానివి, నీకేం తెలుసు? మా అమ్మ పోయేదాకా ‘పాపం, ఆ పిల్లని కూడా మోసం చేశారు’ అనేది.”

తెలిసే చేశానని అనబోయి, “ఒకసారి వస్తానే” అన్నాను.

“రా మరి. శుక్రవారం కొట్టు తియ్యను, తీరిగ్గా కూర్చుందాం.”

ఇప్పుడు మా ఊళ్ళో వాగుకు అటూ ఇటూ ఇంటింటికీ కుళాయి ఉంది. నీళ్ళ కోసం బడి మానే పిల్లలు లేరు. ఈ సుఖం నలభై ఏళ్ళ ముందు రాకపోయిందే అనుకుంటాను. నేను ఆ రోజు నిజం చెప్పి ఉంటే, ఒక్క వాడకైనా ముందే వచ్చేది...

మీరూ చిన్నప్పుడు తెలిసి తెలిసి చేసిన తప్పు ఏదైనా ఉంటే రాయండి. పెద్దయ్యాక ఆ మనిషి ఎదుటికి వెళ్ళి ఉంటే, మొదటి మాట ఏమన్నారో అది రాయండి. కాస్త త్వరగా రాయండి... వచ్చే శుక్రవారం, ఏడో తేదీ, పొద్దున తొమ్మిది గంటల బస్సుకు మాచర్ల వెళుతున్నాను.