అవ్వ చెవికి పెట్టిన ఆకు

మా ఆత్మకూరు గ్రంథాలయంలో పాత తాటాకు పుస్తకాలకు దీపపు మసి, నూనె కలిపి పూస్తుంటే, ఆ వాసనకు నేటికీ నాకు మా అవ్వ చెవులు గుర్తొస్తాయి.

చిన్నప్పుడు మేముండిన ఉదయగిరిలో వానలు పడని ఏడాది అది. నాకు ఏడేళ్లు, అక్షరం ముక్క రాదు. గింజల కోసం అవ్వ తన బంగారు కమ్మలు ఇచ్చేసింది. ఆమె బోసి చెవులు చూడలేక అటక మీది పాత తాటాకు ఒకటి తీశాను. దాని మీద సన్నని గీతలు తప్ప ఏమీ లేవు. పురుగు పాకిన జాడలనుకున్నాను. తాడు గుచ్చే రంధ్రమున్న మధ్య ముక్కను కత్తిరించి పొయ్యిలో వేసి, రెండు కొసలనూ చుట్టి అవ్వ చెవులకు పెట్టాను.

“పాత ఆకుకు కొత్త పని పెట్టినావే అమ్మీ!” అని అవ్వ మురిసిపోయింది.

అంతలో నాయన మసి గిన్నెతో వచ్చాడు. మా మేకలకు నోటిపుండ్లు. మా తాత తాటాకు మీద రాసిన మందు చదవాలంటూ అటకంతా వెతికి, చివరికి అవ్వ చెవుల వైపు చూశాడు. ఆ చుట్టలు విప్పి మసి రుద్దగానే గీతల్లోంచి నల్లని అక్షరాలు లేచాయి. నేను పొయ్యిలోని బూడిద వైపు చూశాను.

“ఏందిరా, ఇంతసేపు నా చెవిలోనే ఉండి ఒక్క ముక్కా ఇనపడలేదే!” అంది అవ్వ.

నాయన నవ్వలేదు. నూరవలసిన వేరు పేరు కాలిన ముక్కలో ఉంది. వారం తిరిగేసరికి మేకలన్నీ చచ్చి దొడ్డి ఖాళీ అయింది.

నన్నెవరూ కొట్టలేదు. తరువాత నేనే పట్టుబట్టి చదవడం నేర్చుకున్నాను. ఈ గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు. ఆ వేరు పేరు మాత్రం ఇంకా దొరకలేదు.