డెన్నీకి దిష్టి తీసిన నాగమల్లేశ్వరి

నాగమల్లేశ్వరి ముందు బేస్‌బాల్ ఆటగాడు డెన్నీ వాల్ష్‌ని ఎవరైనా ఒక్క మాట అన్నారో, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. జెర్సీ సిటీలో ఆవిడ ఉండే అపార్ట్‌మెంట్ టవర్‌లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. పగలంతా డేకేర్‌లో పసిపిల్లల్ని సముదాయించి వచ్చి, సాయంత్రం కింద అందరూ కూర్చునే హాల్లో పెద్ద టీవీ ముందు కూర్చుని బేస్‌బాల్ చూడటం ఆవిడకి అలవాటు. మొదట్లో ఇంగ్లిష్ వస్తుందని చూసింది. తర్వాత ఇంగ్లిష్‌ని గాలికొదిలేసి డెన్నీని పట్టుకుంది.

2008 సెప్టెంబరులో డెన్నీ బ్యాట్‌కి బంతి తగలడం మానేసింది. జట్టేమో ప్లేఆఫ్స్ గుమ్మంలో నిలబడి ఉంది. వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాలని హాల్లో అందరూ ఒకటే గోల. మల్లేశ్వరి ఒక్కతే వెనకేసుకొచ్చింది. మణికట్టు నొప్పి అంది. కళ్లలో ఎండ పడుతోంది అంది. రాత్రిపూట ఎండేమిటని అడిగితే, అయితే లైట్లు అంది. చివరికి అసలు కారణం తేల్చేసింది.

“కొత్త కాంట్రాక్ట్ వచ్చిందని పేపర్లన్నీ ఫొటోలేశాయి. ఊరి కళ్లన్నీ వాడిమీదే. దిష్టి కొట్టింది పిల్లాడికి!”

ఎదురు ఫ్లాట్ గోపాల్ పడీపడీ నవ్వాడు. “ఆంటీ, రేపు లాస్ట్ గేమ్. గెలిస్తే ప్లేఆఫ్స్, లేకపోతే ప్యాకప్. రేపు కూడా మీవాడు కొట్టకపోతే మాతోపాటు మీరూ బూ అనాలి. ప్రామిస్?”

“అంటాను. మీకంటే గట్టిగా అంటాను!”

పౌరుషానికి అనేసిందిగానీ, పాలు ఒంటినిండా ఒలకబోసుకున్న పసివాణ్ణి కూడా కసరలేని మనిషి, నలుగురిలో ఒక పిల్లాణ్ణి ఎలా ఛీకొడుతుంది?

ఆదివారం మధ్యాహ్నం. స్కోరు సమంగా ఉంది, డెన్నీ ఒక్కటీ కొట్టలేదు. ఆట ముగింపుకొస్తుంటే మల్లేశ్వరి లేచి, వెంట తెచ్చుకున్న గుప్పెడు ఎండుమిరపకాయలు, రాళ్లుప్పు తీసుకుని టీవీ చుట్టూ దిగదుడవడం మొదలుపెట్టింది.

“ఏవిటే ఇది, అందరూ చూస్తున్నారు!” అన్నాడు భర్త ధర్మారావు తల పట్టుకుని.

“చూడనివ్వండి. ఆ చూపులు పోవడానికేగా తీసేది.”

హాలు మూల ఉన్న స్టవ్ మీద పెనం పెట్టి మిరపకాయలు వేసింది. దిష్టి ఉంటే ఎన్ని కాల్చినా ఘాటు రాదని ఆవిడ నమ్మకం. వచ్చిందీ ఘాటు! హాలంతా దగ్గులు, తుమ్ములు. కళ్లు మండుతుంటే మల్లేశ్వరి పెనం వైపు చూస్తూ నిలబడిపోయింది. అంటే దిష్టీ లేదు, గిష్టీ లేదు. పిల్లాడు బాగా ఆడటం లేదు, అంతే. ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చింది.

ఇంతలో ఫైర్ అలారం మోగింది. టవరు టవరంతా చెప్పులతో, తువ్వాళ్లతో ఫుట్‌పాత్ మీదికొచ్చి పడింది. ఫైరింజన్ వచ్చి ఆగింది. టీవీ లోపలే ఉండిపోవడంతో జనమంతా డోర్‌మ్యాన్ రేడియో చుట్టూ మూగారు.

ఆఖరి ఇన్నింగ్స్. ఇంకా సమమే. బేస్‌లన్నీ నిండాయి, మూడింటిమీదా డెన్నీ జట్టువాళ్లే. బ్యాట్ పట్టుకుని డెన్నీ వచ్చాడు. మల్లేశ్వరి కళ్లు మూసుకుంది.

బంతి రివ్వున వచ్చి వాడి మోచేతికి తగిలింది. బంతి ఒంటికి తగిలితే ఆటగాడికి మొదటి బేస్ ఇచ్చేస్తారు. బేస్‌లన్నీ నిండి ఉంటే అందరూ తలా ఒక బేస్ జరుగుతారు, మూడో బేస్‌లో ఉన్నవాడు పరుగు తెచ్చేస్తాడు. తెచ్చేశాడు, ఆట అక్కడితో అయిపోయింది. జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లిపోయింది! ఫుట్‌పాత్ దద్దరిల్లింది. ఫైరింజన్ వాళ్లు కూడా గంతులేశారు.

“గెలిచాం ఆంటీ! కానీ మీవాడు కొట్టలేదుగా, ఊరికే నిలబడి తగిలించుకున్నాడు,” అన్నాడు గోపాల్. “ప్రామిస్ ప్రామిసే. కానివ్వండి.”

అందరూ ఆవిడవైపు తిరిగారు. మణికట్టు లేదు, లైట్లు లేవు, ఆఖరికి దిష్టి కూడా లేదు. మాటంటే మాటే. మల్లేశ్వరి గట్టిగా ఊపిరి పీల్చి నోరు తెరిచింది.

“మోచేతి ఎముకమీదే తగిలిందా? ఎవరైనా ఐస్ పెట్టారో లేదో కనుక్కోండి నాయనా!”