బయట గడియ

పోయిన ఏడాది భిలాయి సెక్టర్ 6లోని తెలుగువాళ్లం కొందరం బస్సు మాట్లాడుకుని యాత్రకు వెళ్లాం. దారిలో బ్రిటిష్ కాలం నాటి పిచ్చాసుపత్రి ఒకటి చూశాం. ఇప్పుడది మ్యూజియం. ఇంట్లో ఎదురు మాట్లాడే ఆడవాళ్లను కూడా పిచ్చివాళ్లని చెప్పి అక్కడ వదిలేసేవారని గైడు చెప్పాడు.

“అయితే మన వదినని ఎప్పుడో ఇక్కడ పడేసుందురు! కుళాయి రాకపోతే చాలు, కంప్లైంటుకి ఎల్లిపోద్ది,” అంది మా పక్క క్వార్టరు రమణమ్మ, నన్ను చూపిస్తూ. అందరూ నవ్వారు. నేను ఒక గదిలోకి తొంగిచూస్తుంటే, రమణమ్మ నన్ను లోపలికి తోసి బయట గడియ పెట్టేసింది. లోపలివైపు గడియే లేదు.

“తలుపు తియ్యే రమణమ్మా! నాకేటీ పిచ్చి లేదు!”

ఎంత అరిస్తే అంత నవ్వారు. తుప్పుపట్టిన గడియ నిజంగానే బిగుసుకుపోయిందని వాళ్లకు తెలిసేసరికి నా గొంతు పోయింది. గైడు రాయితో కొట్టి తీశాడు.

“ఇక్కడున్నవాళ్లూ ఇదే అరిచేవారట, దీదీ,” అన్నాడు హిందీలో. అతను నవ్వలేదు.

రమణమ్మ మాత్రం ప్రతి పేరంటంలోనూ ఈ కథ చెప్పి నవ్విస్తోంది. మొన్న మా గుమ్మం ముందు నిలబడి, “ఏటి వదినా, జోకుకే ఇంత కోపమా?” అని పిలిచింది. నేను తలుపు తియ్యలేదు. ఆ గదిలో అరిచిన ఆడవాళ్లకు తలుపు తియ్యాలో వద్దో తేల్చుకునే వీలు లేకపోయింది. మా ఇంటి గడియ లోపలివైపే ఉంది.