నలభై ఎనిమిది అంకెలు

పోయిన సోమవారం ఆత్మకూరు బస్టాండు దగ్గరి షాపతను మా పాత ల్యాప్‌టాప్‌లో కాలిపోయిన బోర్డు మార్చి తెచ్చి ఇచ్చినప్పుడు, హమ్మయ్య అనుకుంటూ మీట నొక్కానో లేదో, తెరంతా నీలంగా మారి నలభై ఎనిమిది అంకెలు కొట్టమని అడిగింది. ముప్పై ఏళ్ళు వరికుంటపాడు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఒకటికి నాలుగుసార్లు చదివాను. రోజూ కొట్టే పాస్‌వర్డు దానికి అక్కర్లేదట, ఆ అంకెలే కావాలట. "డిస్కుకు లాక్ వేసుండాది మేడమ్, బోర్డు మారింది గదా, అందుకే అడగతా ఉండాది. సార్ ఎక్కడన్నా రాసిపెట్టినారేమో చూడండి. అది లేకుంటే నేను కాదు గదా, ఎవురూ తెరవలేరు" అని షాపతను నెత్తి గోక్కున్నాడు. మా వారు పోయి నాలుగేళ్ళు.

అందులో మా అమ్మ గొంతు ఉంది. చివరి రెండేళ్ళూ అమ్మ మా దగ్గరే ఉండేది. పొద్దున్నే కాఫీకి ముందు మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఉదయగిరిలో తన వీధి మొదలు దుత్తలూరు దాకా ఉన్న చుట్టాలందరినీ పేరుపేరునా తలుచుకుంటూ, ఎవరికే కష్టముందో దేవుడికి గుర్తుచేస్తూ, మధ్యమధ్య మమ్మల్ని నాలుగు తిడుతూ ప్రార్థన చేసేది. మా వారు ఆ ప్రార్థనలన్నీ రికార్డు చేసి ఈ కంప్యూటర్‌లో దాచారు. అమ్మ పోయాక ఆదివారానికొకటి చొప్పున పెట్టుకుని వింటున్నాను. ఎక్కడ దగ్గుతుందో, ఎక్కడ ఆగి కళ్ళు తుడుచుకుంటుందో కూడా నాకు తెలుసు. అవి తప్ప అమ్మది నా దగ్గర ఇంకేమీ లేదు.

ఆ రోజుల్లో మా పాస్‌వర్డుల సంగతి చెబితే మీరు నవ్వుతారు, కానీ మీలో ఎంతమంది అదే పని చేశారో నాకు తెలియదా! జనవరి ఒకటిన ఆరాధనలో ఒక్కొక్కరం వాగ్దానం కార్డు తీసుకునేవాళ్ళం, ఆ ఏటికి దేవుడు మనకిచ్చిన మాట అని. ఆ వచనం నంబరే మా కంప్యూటర్‌కు పాస్‌వర్డు, ఏడాదికొకసారి మార్చేవాళ్ళం, మహా జాగ్రత్తపరులమని మురిసిపోయేవాళ్ళం. పాస్టరుగారు దాన్ని మైకులో సంఘమంతటికీ చదివి వినిపించేవారు. అది చాలదన్నట్టు నేను పటం కట్టించి కంప్యూటర్ పైనే గోడకు తగిలించాను.

ఒక ఆదివారం చర్చి మెట్ల దగ్గర, వరసకు పిన్నమ్మ అయ్యే ఒకావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మా వోడి తాగుడు సంగతి మీ అమ్మ దేవుడికి చెప్పిందంటనే? మంచిదే. మాకూ వినిపించినార్లే" అంది. ముఖంలో నవ్వు లేదు. ఎవరు వినిపించారని ఎంత బతిమాలినా చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ మాట అమ్మ మా ఇంట్లో, మంచం మీద, ఒక్కసారే అంది.

దరఖాస్తులు నింపడానికని, పిల్లల రిజల్ట్సు చూడ్డానికని మా కంప్యూటర్ ముందు కూర్చోని చుట్టం లేడు. ఎవరని అనుమానించను? ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ మంచినీళ్ళిస్తూ, వాళ్ళ చూపు కంప్యూటర్ ఉన్న మూల వైపు పోతుందేమోనని కనిపెట్టేదాన్ని. తప్పు చేసినవాళ్ళు ఎవరో ఈనాటికీ తెలియదు, ఇప్పటికీ వాళ్ళు నన్ను పలకరిస్తూనే ఉంటారు. సంగతి తెలిశాక అమ్మ ప్రార్థనలో పేర్లు మానేసింది. "నీకు తెలుసు గదయ్యా" అని ఊరుకునేది.

మా వారికి ఆ దెబ్బతో మనుషుల మీద నమ్మకం పోయింది. ఫోన్‌లోవి, పెన్‌డ్రైవులోవి అన్నీ తుడిచేసి, డిస్కు మొత్తానికి లాక్ వేశారు. ఆ లాక్ తెరిచే కీని ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చని మా అమ్మాయి చెబితే, మళ్ళీ ఊరందరి చేతుల్లో పెట్టమంటావా అని కసురుకున్నారు. ఆ మరునాడే అనుకుంటా, నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, అమ్మ బైబిల్ ఒళ్ళో పెట్టుకుని పెన్సిల్‌తో ఏదో రాస్తున్నారు. అమ్మకు కంఠతా వచ్చిన ఎనిమిది కీర్తనల పక్కన, ఒక్కోదానికి ఆరేసి అంకెలు.

"ఏంది నాయనా, వాక్యం పక్కన ఆ అంకెలు?" అని అమ్మ గదమాయించింది.

"మీ పుస్తకం మీద ఎవరూ చెయ్యి వెయ్యరత్తమ్మా" అన్నారు మా వారు.

ఏవో ఫోన్ నంబర్లనుకుని నేను కాయలు ఒలుచుకుంటూ ఊరుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండా ఆయన కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. మరుసటేడు అమ్మ. ఉదయగిరిలో నాయన పక్కనే పెట్టాం. "ఉంచుకోమ్మే, గుర్తుగా ఉంటాది" అని అందరూ చెబుతున్నా వినకుండా, బైబిల్ లేకుండా అమ్మ ఎట్లా పోతుందని ఏడ్చి, పెట్టె మూసేముందు ఆమె చేతుల మధ్య దాన్ని పెట్టింది నేనే.

మూడు రోజులు బీరువాలు, డైరీలు, మా వారి చొక్కా జేబులు వెతికాక గురువారం వంటింట్లో నిలబడి ఉండగా ఆ పెన్సిల్ గుర్తొచ్చింది. గుర్తు రాకపోయినా బాగుండేది.

సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసి, నాన్న ఎక్కడ రాశాడో ఏమన్నా తెలిసిందా అని అడిగింది. తెలియలేదన్నాను. తెలిసిందంటే అది ఇంకో ప్రశ్న అడుగుతుంది, దానికి నేను ఏమంటానో నాకే భయం.

మా చిన్నప్పుడు ఉదయగిరిలో తలుపుకు ఒట్టి గొళ్ళెం పెట్టి పొలానికి పోయేవాళ్ళం, అమ్మ ప్రార్థన వీధి చివరిదాకా వినపడేది, విన్నవాళ్ళు ఆమెన్ అని తమ పనికి తాము పోయేవారు. ఆ కాలం ఏమైపోయిందో! నిన్న బస్సెక్కి అమ్మ దగ్గరికి వెళ్ళాను. పూలు పెట్టాను, మోకరించాను. మూడేళ్ళ వానలకు కాగితం ఏమై ఉంటుంది, పెన్సిల్ గీత ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్నదే ధ్యాస. లేవబోతూ చూసుకుంటే, సమాధి మీది సిమెంటు ఎంత మందముందో నా చెయ్యి జానతో కొలుస్తోంది.