జుబ్బా కొలత

మా దగ్గర ఒక మాటకు శిక్ష ఉంది. "పోనీలే, మళ్లీ పుడతరు తియ్" అని ఎవరి నోట్లోంచి జారినా ఆ పూట అందరికీ చాయ్ వాళ్లే పెట్టాలి, గిన్నెలు కూడా వాళ్లే తోమాలి. కొత్తగా చేరినవాళ్లు ఒకసారైనా దొరికిపోతారు. పాపం, ఓదార్చాలనే వస్తారు. ఓదార్చడానికి చిన్నప్పటి నుంచి మనకు నేర్పిందే ఆ ఒక్క మాట! నేను మాత్రం ఇంతవరకు ఆ చాయ్ పెట్టలేదు. ఆ మాట నన్ను ఎంత కాల్చిందో నాకే తెలుసు.

మా దగ్గర అంటే సూర్యాపేటలో ఒక లేడీస్ టైలర్ షాపు, దాని వెనక గది. కడుపు పోయినవాళ్ల కోసం, పుట్టకముందే బిడ్డను పోగొట్టుకున్నవాళ్ల కోసం పనిచేసే మనుషులు అక్కడ కలుస్తారు. బయట బోర్డు లేదు. పెడదామని నేను పోరితే షాపు యజమానురాలు, మేమంతా టైలరక్క అని పిలిచే ఆవిడ, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"బోర్డు పెడితే ఆడోళ్లు లోపలికొస్తరా? జాకెట్ కుట్టించుకొస్త అంటే ఇంట్ల ఎవ్వరు అడగరు. గదే మన బోర్డు," అంది.

మొదలుపెట్టింది ముగ్గురు. టైలరక్క ఒకరు. కోదాడలో నర్సుగా చేసి రిటైరైన సిస్టరమ్మ ఇంకొకరు. ఆదివారం చర్చి అయిపోగానే చేతిలో బైబిలుతోనే బస్సెక్కి వచ్చేస్తుంది. మూడో మనిషి లారీ అన్న. మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి బియ్యం లోడు తోలుతాడు. ముగ్గురికీ తలా ఒక బిడ్డ పోయింది. వాళ్ల మధ్య వేరే చుట్టరికం ఏమీ లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా అంత కలిసి ఉండరు.

నా సంగతి చెప్పాలంటే ముందు నా కోపం సంగతి చెప్పాలి. నేను బడిలో లెక్కలు చెబుతాను. పిల్లలు నా వెనకాల నన్ను పచ్చిమిర్చి టీచర్ అంటారని తెలుసు, వినబడనట్టు ఉంటాను. మా అమ్మయితే ఇప్పటికీ, "ఇది పుట్టుడే మొఖం మాడ్సుకోని పుట్టింది. మంత్రసానిని గుర్రుమని సూసింది," అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. అలాంటి నాకు ఎనిమిదో నెలలో కడుపులో కదలిక ఆగిపోయింది. స్కానింగ్ గదిలో డాక్టరమ్మ తెరను తనవైపు తిప్పుకున్నప్పుడే నాకు అర్థమైంది. నొప్పులు తెప్పించారు, కన్నాను. ఆడపిల్ల అన్నారు. నేను తల ఎత్తబోతే మా అమ్మ నా మొహాన్ని పక్కకు తిప్పేసింది. "సూడకు బిడ్డా, సూస్తే మనసుల నిలిచిపోతది," అంది. బయట నిలబడ్డ మా మామయ్య, అంటే మా ఆయన తండ్రి, తన భుజం మీది తువ్వాలలో చుట్టుకుని తీసుకుపోయాడట.

ఇంటికి వచ్చాక మరో విచిత్రం. బాలింతకు మా వైపు ఎన్ని మర్యాదలు! వేడినీళ్లు, సాంబ్రాణి పొగ, వెల్లుల్లి కారం, తలకు గుడ్డ, చెవుల్లో దూది. బిడ్డ లేదు కాబట్టి అవన్నీ ఖతం. చల్లటి పెరుగన్నం, ఫ్యాన్ కింద పడక. మా అమ్మ చెడ్డది కాదు. పథ్యం పెడితే నాకు బిడ్డ గుర్తొస్తుందని ఆవిడ భయం. మరిచిపోతే కదా గుర్తు రావడానికి!

దవాఖానలో ఆయమ్మ ఇచ్చిన నంబరుకు మా అమ్మే చాటుగా ఫోన్ చేసిందట. ఒక పొద్దున సిస్టరమ్మ, టైలరక్క సంచులతో గుమ్మంలో దిగారు. వాళ్లెందుకు వచ్చారో వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఊరందరికీ నా కడుపు సంగతే కావాలా, నా ఇల్లేమన్నా సంతనా, నడవండి బయటికి అని అరిచాను. మా అమ్మ సిగ్గుతో తలుపు వెనక్కి పోయింది.

సిస్టరమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. "అరువమ్మా, అరువు. గొంతు బాగానే ఉంది. అరిచాక అన్నం తిందువుగాని," అంది.

"నాకేం వద్దు."

"నువ్వు కన్నావా, లేదా?"

ఉన్నచోటే గచ్చు మీద కూలబడ్డాను.

"కన్నావు. అయితే నువ్వు బాలింతవే. బాలింత ఇట్టా చల్లటి గచ్చు మీద కూర్చోకూడదు. లే."

అప్పటిదాకా ఒక్కరూ నన్ను ఆ మాటతో పిలవలేదు. టైలరక్క డబ్బా మూత తీసింది. వేడన్నం, వెల్లుల్లి కారం, కాచిన నెయ్యి. ఆ వాసనకు నా ఏడుపు ఇల్లంతా వినబడింది. ఏడుస్తూనే తిన్నాను, కారం కారం అని తిట్టుకుంటూ తిన్నాను. ఇద్దరూ ఎదురుగా కూర్చుని, ఒక్క మంచి మాట కూడా చెప్పకుండా, నేను తినడం చూశారు.

పాలు పడి రొమ్ములు రాళ్లయి ఉన్నాయి. ఎవరితో చెప్పుకోవాలో తెలియక గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. సిస్టరమ్మ అడగకుండానే కనిపెట్టింది. చల్లటి తడిగుడ్డ వేసి, "వాటికేం తెలుసమ్మా, బిడ్డ కోసం వచ్చేశాయి. నాలుగు రోజులు చూసి అవే పోతాయి," అంది. మర్నాడు టైలరక్క ఒంటికి పట్టి ఉండే మెత్తటి బాడీ ఒకటి కుట్టి తెచ్చింది. నన్ను కన్నతల్లికి కూడా తట్టని సంగతులు ఇవి.

మా ఆయనకు మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో పని. సెలవు పెట్టి ఇంట్లో గోడలు చూస్తూ ఉండేవాడు. లారీ అన్న లోపలికి వచ్చేవాడు కాదు. గుమ్మం దగ్గర నిలబడి, "తమ్మీ, జర చాయ్ తాగొద్దాం రా," అనేవాడు. హోటల్లో కూర్చుని టైర్ల గురించి, డీజిల్ గురించి, ఏ ఘాటులో ఏ లారీ బోల్తా పడిందో దాని గురించి మాట్లాడేవాడట. ఒకరోజు అలా లోడు లెక్కల మధ్యలో మా ఆయన బల్ల మీద తలపెట్టి భోరుమన్నాడు. అన్న తన కుర్చీ తిప్పుకుని, రోడ్డు మీదివాళ్లకు మా ఆయన కనబడకుండా తన వీపు అడ్డం పెట్టి కూర్చున్నాడట. అంత వెడల్పు వీపు దేవుడు ఆయనకు అందుకే ఇచ్చి ఉంటాడు.

ఇంత చేసినా నాకు కావలసింది ఒక్కటే, అది ఎవరి దగ్గరా లేదు. నా బిడ్డను ఎక్కడ పెట్టారు? పసిబిడ్డలను మావైపు కాల్చరు, పూడుస్తారు. ఆ చోటు తల్లికి చెప్పరు. చెబితే కాలు అటే లాగుతుందని, తర్వాతి కాన్పుకు మంచిది కాదని అంటారు. మా ఆయనను నిలదీస్తే, "నాయిన ఒక్కడే పోయిండు, నన్ను రానియ్యలే," అన్నాడు. మామయ్య కోదాడ దగ్గర పల్లెలో మిరప తోట చేసుకుంటాడు. నేను అడిగినప్పుడల్లా పైకప్పు చూసేవాడు. ఎన్నిసార్లు అడిగినా అంతే. కడుపులో ఉన్నప్పుడు ఎక్కడుందో తెలిసిన బిడ్డ, ఇప్పుడు భూమ్మీద ఎక్కడుందో తెలియదంటే ఏ తల్లికి నిద్ర పడుతుంది? ఏ దారి పక్కన కొత్త మట్టి కనబడినా నా గుండె ఆగేది.

లారీ అన్న తన వంతు ప్రయత్నం చేశాడు. లోడు లేని రోజుల్లో పనిగట్టుకుని ఆ పల్లెకు పోయి మామయ్య పక్కన కూర్చున్నాడు. బీడీలు కాల్చారు, ధరలు తిట్టుకున్నారు. బిడ్డ మాట రాగానే మామయ్య లేచి మోటారు ఆపడానికి పోయేవాడట. "రాయి గూడ కదులుతది గని మీ మామ కదలడమ్మా," అని అన్న చేతులెత్తేశాడు. అయినా పోవడం మాత్రం మానలేదు.

ఇక టైలరక్క చేసిన పని చెప్పాలి. మా వైపు కాన్పుకు ముందు బిడ్డకు బట్టలు కుట్టించరు, కీడంటారు. పుట్టాక తల్లి పాత చీరతోనే మొదటి గుడ్డ. అందుకే ఇలా పోయిన బిడ్డలకు తమదంటూ ఒక్క నూలుపోగు ఉండదు. టైలరక్క బిడ్డ కూడా అట్లాగే పోయింది. అప్పటి నుంచి తాను చూసిన ప్రతి తల్లి దగ్గరా ఒక పాత చీర అడిగి తీసుకుని చిన్న జుబ్బా కుట్టి ఇస్తుంది. చీర తప్ప ఇంకేమీ అడగదు. తల్లిని ప్రశ్నలు అడగొద్దని వాళ్లు పెట్టుకున్న నియమం. నా నీలం నూలు చీరతో కుట్టిన జుబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నాకు మళ్లీ కోపం నషాళానికి అంటింది.

"ఎవరికి తొడగాలక్కా ఇది? చెప్పు, ఎవరికి?" అని కుర్చీలోకి విసిరేశాను.

"ఎవ్వరికి తొడగొద్దు. నీ బిడ్డది. నీ తాన ఉంటది, గంతే," అంది.

సరిగ్గా అప్పుడే మామయ్య వచ్చాడు. ఎప్పటిలాగే ఒక సంచిలో పచ్చిమిర్చి, వంకాయలు. సంచి దించి కూర్చోబోతూ కుర్చీలో జుబ్బా చూశాడు. చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"ఎవరు కుట్టిన్రు?"

టైలరక్క బెదిరిపోయింది. "నేనే బాపూ. తప్పైతే..."

"గింత పెద్దగ లేదమ్మా. వదులైతది."

నెలలు నిండిన బిడ్డల కొలతే అక్క చేతికి అలవాటు. నా బిడ్డ ఎంత ఉందో ఆమెకు తెలియదు, నాకు తెలియదు, కన్నతండ్రికి తెలియదు. ఎత్తుకున్న మనిషి ఆయనొక్కడే. మామయ్య తన ఎడమ చెయ్యి చాపి, మోచేతి మడత దగ్గర కుడిచేతి వేలు పెట్టాడు. "తల గీడ. కాళ్లు ఇగో, గీడికి, వేళ్ల కొసల దాక. గంతే," అన్నాడు.

వేరే ఎవరైనా అయితే ఏడ్చేవాళ్లు, చేతులు పట్టుకునేవాళ్లు. మా టైలరక్క మెడలో ఉన్న టేపు తీసింది. ఆయన ముందు నేల మీద కూర్చుని, "చెయ్యి అట్లనే ఉంచు బాపూ. భుజాలు ఎంతున్నయ్?" అంది. మామయ్య చెబుతున్నాడు, ఆమె ఆయన ముంజేతి మీద టేపు పెట్టి కొలుస్తోంది. భుజాలు, మెడ, చంక. బతికున్న బిడ్డకు తీసినట్టే కొలతలు తీసింది. మిగిలిన చీర ముక్క, సూదీ దారం సంచిలోనే ఉన్నాయి. అక్కడే కూర్చుని చేత్తో కుట్టింది. కుట్టినంతసేపూ మామయ్య ఆమె చేతులనే చూశాడు.

అయిపోయాక చేతిలో పరుచుకుని, "ఇప్పుడు సరిపోతది," అన్నాడు. అప్పుడు నా వైపు తిరిగాడు. "మన తోటలనే ఉన్నది బిడ్డా. కాల్వ దిక్కు మూలకు. ట్రాక్టరోనికి చెప్పిన, గాడ దున్నొద్దని."

ఆ మూలను నేను అంతకుముందే చూశాను. ముసలాయనకు మతి పోయింది, బంగారంలాంటి జాగా బీడు పెట్టాడు అని ఊళ్లో అందరూ ఎగతాళి చేస్తుంటే విన్నాను కూడా. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు.

ఆ తర్వాత టైలరక్క పద్ధతి మార్చింది. ఇప్పుడు చీర తల్లి దగ్గర అడుగుతుంది, కొలత మాత్రం బిడ్డను ఎత్తుకున్న మనిషి దగ్గర. అది తాతో, తండ్రో, మేనమామో. వాళ్ల నోరు విప్పించే పని మామయ్యది. ఆడవాళ్ల షాపు గడప ఎప్పుడూ తొక్కని మనిషి ఇప్పుడు కబురు పెడితే చాలు బస్సెక్కుతాడు. లారీ అన్నతో కలిసి పోయి, ఆ ఇంటి మగవాళ్ల ముందు తన ఎడమ చెయ్యి చాపుతాడు. "నా మనుమరాలు గింత ఉండె. మీ బిడ్డ ఎంతుండె?" అని అడుగుతాడు. అంతకంటే ఏమీ అడగడు. మగవాళ్లు ఎట్లా బావురుమంటారో అన్న చెబితే విన్నాను. ఈ మనుషులను ఎంత పొగిడినా నాకు తనివి తీరదు.

మామయ్య చోటు చెప్పిన ఆ వారమే, అక్కడికి పోతానని నేను పట్టుబట్టాను. "పోవద్దంటరు బిడ్డా," అని మామయ్య నసిగాడు. "ఎవరంటరు? వాళ్లను నా ముందుకు రమ్మను," అన్నాను. కోదాడ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. వెంట వచ్చిన టైలరక్క, సిస్టరమ్మ, లారీ అన్న, మా ఆయన ఆటో దగ్గర ఆగారు. మామయ్య ముందు, నేను వెనక, గట్టు మీద నడిచాం. చుట్టూ మిరప చేను ఎర్రగా పండి ఉంది, ఆ మూల మాత్రం గడ్డి. మామయ్య చేత్తో కొంచెం మట్టి తీశాడు. సరిపోయే జుబ్బాను మడిచి అందులో పెట్టి, నేనే మట్టి కప్పాను. పెద్దది నా బీరువాలో ఉంది.

లేవబోతూ, ఇన్నాళ్లూ అడగడానికి భయపడిన మాట అడిగాను. "మొఖం సూసినవా మామా? ఎవరి లెక్క ఉండె?"

మామయ్య ఈసారి ఎటూ చూడలేదు, నన్నే చూశాడు. తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు, కాస్త నవ్వాడు కూడా.

"నీ లెక్కనే బిడ్డా. మొఖం మాడ్సుకోని, కనుబొమ్మలు ముడిసి, మా అందరి మీద కోపంగ ఉండె."