రాజుగారి తలపాగాలో మూడు మూరలు

బడి వరండాలో బల్ల మీద పరిచిన గుడ్డను చూడగానే ఆదెన్న చేతికర్రను నేలకు గట్టిగా ఆనించాడు. పైన కావి, కింద ఆకుపసరు, నడుమ నూలు తెలుపు. డెబ్బై ఆరేళ్ల కిందట నల్లగుట్ట సంస్థానపు కోట గుమ్మం మీద ఎగిరిన జెండా అది. ఎగరేసిన అయ్యన్న పక్కనే కుర్చీలో, మెడలో దండతో కూర్చున్నాడు. ఇక ఆ గుడ్డ అద్దాల చట్రంలో బడిగోడ ఎక్కుతుంది. కింద అయ్యన్న పేరు రాస్తారు.

ఆ పేరే ఆదెన్న కంట్లో నలుసు. తొంభై మూడేళ్లలో ఆయన చేసింది తక్కువేం కాదు. వీధిబడిలో నాలుగో క్లాసే చదివినా, పదకొండేళ్లు చేనేత సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. నలభై మందికి గుంత మగ్గం నేర్పాడు. కలెక్టరు చేతుల మీదుగా రెండు శాలువాలు కప్పించుకున్నాడు. బస్సులో పక్కన కూర్చున్నవాడికైనా ఇదంతా అప్పజెప్పందే దిగడు. మరి అయ్యన్న చేసిందేమిటి? ఒక పొద్దున కోట గోడెక్కాడు. ఆ ఒక్క గోడకే ఏటేటా దండ!

ఆ పొద్దు ఊరికే రాలేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నల్లగుట్ట రాజావారు మగ్గం పన్ను వదల్లేదు. ఏడాదిలో నేసిన మొదటి తాను గుడ్డ కోటకే పోవాలి. ఆ ఏడు కరువు. నూలే దొరకని ఇళ్లకు కూడా బంట్రోతులొచ్చి, తాను లేదంటే మగ్గాలు ఊడబెరికి పోయారు. దాంతో ఊరి అరవై మగ్గాలూ ఆగాయి. రైతులూ కలిసొచ్చి ఇరవై రోజులు కోట ముందు కూర్చున్నారు. చివరి పొద్దున అయ్యన్న గోడెక్కి జెండా కట్టాడు, కోట తలుపులు తెరుచుకున్నాయి. నెల తిరక్కుండా రాజావారు మద్రాసు రైలెక్కారు.

“ఏమప్పా, దండ శానా బరువుండాదా? మెడ వంచినావే,” అన్నాడు ఆదెన్న.

“నీకెందుకులే కడుపుమంట. శాలువాలుండాయి గదా, కప్పుకో,” అని అయ్యన్న నవ్వాడు. నోట్లో మిగిలిన ఒక్క పన్నూ కనిపించింది.

“మీరూ చూడండి తాతా,” అంది హేమావతి టీచరు.

ఆదెన్న వంగి గుడ్డ కొసను బొటనవేలితో తడిమాడు. మూడు నీలి పోగులు తగిలాయి. రాజు పోయాక పన్ను పోయింది, పన్నుతోపాటు కోటకు నేసే సన్నటి తలపాగాలూ పోయాయి. అంత సన్నటి నేత మళ్లీ ఎవరూ అడగలేదు. ఊళ్లో ఇప్పుడున్నవి నాలుగు మగ్గాలు. ఆదెన్న చేతి మంచిపనిలో లోకంలో మిగిలింది ఈ మూడు మూరలే.

“ఇది నా నేత! ఈ నీలి పోగులు సూడమ్మా, మా నాయన నేర్పిచ్చిన గుర్తు. నూరో నంబరు నూలు, వెంట్రుకంత సన్నం. ఇట్లా నేసేటోడు ఇప్పుడు యాడుండాడు? నా పేరు రాయి!”

టీచరు కలం తీసి ఆగింది. “అరవై మగ్గాలూ ఆగినాయంటారు గదా తాతా. మీ మగ్గం మీద గుడ్డ ఎట్లొచ్చె?”

ఆదెన్న గుడ్డ మీది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ సంగతి తెలిసినవాళ్లలో బతికున్నది ఇద్దరే.

“జెండా కోసరమే నేసినాడమ్మా,” అన్నాడు అయ్యన్న మెల్లగా. “తలుపేసుకోని, ఎవురికీ తెలీకుండా నేసినాడు. వాని పేరు గూడా రాయి.”

ఆదెన్నకు ఒళ్లు మండిపోయింది. గోడెక్కిన పేరూ వీడిదే, తన గుట్టు కాచిన పేరూ వీడిదేనా? ఇక ఆ చట్రం ముందుకు వెళ్లినప్పుడల్లా అది వీడు పెట్టిన భిక్షే అనిపించదా?

“అబద్ధం!” అని అరిచాడు. “రాజు తలపాగాకు నేస్తాంటి. పదేడేండ్లోన్ని, అరవై మగ్గాల్లో నన్నే ఏరుకున్యాడు. ఇంగ నాలుగు మూరలు నేసేదుండె. ఊరంతా ఆపినా నాకు ఆపబుద్ధి కాలే. వీడొచ్చి జెండాకని మగ్గం మీదనే సర్రున కోసేసె.”

“నోరు మూసుకోనుంటే నీదేం పోయెరా?” అన్నాడు అయ్యన్న. “పేరొస్తాండె గదా!”

“నువ్విచ్చే పేరు నాకేంటికిరా?”

ఆదెన్న టీచరు వైపు తిరిగాడు. “రాసుకోమ్మా. ఎగరేసింది అయ్యన్న. గుడ్డ ఆదెన్నది, రాజు తలపాగాకని నేసింది, అడక్కుండా కోసుకపోయింది. నూరో నంబరు నూలు, అది మాత్రం మరవద్దు.”

టీచరు చట్రం కింది అట్ట మీద అలాగే రాసి, గుడ్డ కొసను చట్రంలోకి మడవబోయింది.

“ఆ కొస మడవద్దు,” అంటూ ఆదెన్న, కావి రంగు పైనే ఉండేట్టు, గుడ్డను తనే పక్కకు తిరగేశాడు. నీలి పోగులు అయ్యన్న పేరు వైపు పోకుండా, సరిగ్గా తన పేరు మీదికి వచ్చాకే చెయ్యి తీశాడు.