నాగాచారి వెండి ఇల్లు

పక్క అంగట్లో వెలిగారం చల్లి వెండి అతుకుతున్నారు. ఆ ఘాటు కిటికీలోంచి వచ్చినప్పుడల్లా చేతిలో పని ఆపేస్తాను.

రాబర్ట్‌సన్‌పేటలో మాది నగల అంగడి. తూకం చూడటం నా పని. నాగాచారి మా దగ్గర ముప్పయ్యొక్క ఏళ్లు మెట్టెలు, కాలిపట్టీలు చేశాడు. డెబ్బయ్యో ఏట అతనికి వేరే ఆలోచన పుట్టింది. మారికుప్పం దగ్గర బంగారు గని కాలనీలో అతను చిన్నప్పుడు ఆడుకున్న సిమెంటు బొమ్మరిల్లు ఒకటుండేది. పిల్లలు గుండ్రటి కంతల్లోంచి దూరి, వంకర మెట్లెక్కి, మెలితిరిగిన జారుడుబండ మీద జారేవాళ్లు. అది కూలిపోయి చాలాకాలమైంది. దాన్నే వెండి పతకంగా చేయడం మొదలుపెట్టాడు. అప్పటికే అతని చేతులు వణుకుతున్నాయి. సగం అగ్గిపెట్టెంత ఇంటికి నాలుగు నెలల పదకొండు రోజులు పట్టింది.

“దీంట్లో ఎవురు కాపురముంటారు ఆచారీ?” అన్నాను.

“చీమలుంటాయిలేమ్మా. బాడుగ అడగను.”

“ఈ మెట్లెక్కితే యాడికి పోతాం?”

“యాడికీ పోము. ఎక్కేది, జారేది. అంతే ఉండాది.”

పతకాన్ని నా అరచేతిలో పెట్టి ఎండకు పట్టమన్నాడు. కంతల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా నా చేతిమీద పడింది. అంతవరకు నగలో నేను వెండినే చూశాను. వెండి లేని చోటును కూడా పనివాడే చేస్తాడని నాకు నేర్పింది నాగాచారి.

బెంగళూరులో కొత్తరకం నగల ప్రదర్శన పెట్టే ఒకమ్మాయి అతని ఉంగరమొకటి చూసి ముచ్చటపడింది. ఆయుధపూజకు ముందే వచ్చి పతకం తీసుకుపోతానంది. “నా పేరుతో ఒక్క వస్తువన్నా నిలిస్తే చాలమ్మా” అని దాన్ని మా బీరువాలో పెట్టి, నాగాచారి కంటి ఆపరేషనుకు పోయాడు.

అమ్ముడుపోని వెండిని ఆయుధపూజ ముందురోజు కరిగించడం మా మామగారి నాటి వాడుక. ఆ అమ్మాయి చెప్పిన రోజుకు రాలేదు. గడువు గడువే అనుకున్నాను. అతని సొంత వెండి గనక విడిగా తూచి, విడిగా మూసలో వేయించి, కడ్డీ పోయించాను. ఫొటో అయినా తీయలేదు.

ఆపరేషనై నల్లద్దాలతో తిరిగొచ్చిన నాగాచారి చేతిలో ఆ కడ్డీ పెట్టి, “అరవై మిల్లీగ్రాములు తరుగు ఆచారీ, అది నేనిస్తాను” అన్నాను.

అతను బొటనవేలితో దాన్ని చాలాసేపు తడిమాడు.

“తూకం సరిగానే ఉండాదమ్మా. ఇంగ ఈ చేతులతో మళ్లా కాదు.”

కడ్డీని త్రాసు పక్కన పెట్టి వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి పతకం కరిగించిన నాలుగో రోజున వచ్చింది. నాగాచారి మరి రెండేళ్లు బతికాడు. మా వీధిలో పోతూ పలకరించేవాడు కానీ, ఆ మాట మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు కాగితం తీసుకుని ఆ ఇంటిని గీయడానికి కూర్చుంటాను. మెట్లు తొమ్మిది, కంతలు ఐదు. బరువు ముప్పయ్యెనిమిది గ్రాముల నాలుగు వందల మిల్లీగ్రాములు. జారుడుబండ కుడికి తిరిగేదో, ఎడమకు తిరిగేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.